మ్యూజియం దిష్టి

నరసరావుపేటలో మా హాలు దాటి అడుగు బయట పెట్టకుండానే, సముద్రాల అవతలి మ్యూజియంలో పరువు పోగొట్టుకున్న ఏకైక ఇల్లాలిని నేను. ఎలాగో చెబుతాను. కాస్త మెల్లగా నవ్వండి, పాప పడుకుంది.

అప్పుడే మా చిన్నిని కొత్త స్కూల్లో ఒకటో తరగతిలో చేర్చాం. ఒక ఆదివారం పిల్లలకు ఆన్‌లైన్‌లో విదేశీ మ్యూజియం చూపిస్తామన్నారు. టీచరుగారు నన్ను చదువుకున్న తల్లి అనుకోవాలి, అదీ నా బెంగ. ఫోన్‌ను అల్మారాలో నిలబెట్టి, అందులోని బొమ్మ టీవీలో కనబడేలా పెట్టి, చిన్నికి పట్టులంగా కట్టాను.

"మ్యూజియంలో ఏసీ ఉంటదేమో, పిల్లకి స్వెట్టరెయ్యవే," అంది మా అత్తయ్య.

బయట మిరపకాయలు ఎండే ఎండ. అయినా వేశాను.

కిరీటాలు, శవపేటికలు అయ్యాక నీలం కన్ను బిళ్ల ఒకటి చూపించారు. "దిష్టి తగలకుండా కట్టుకునేవారట. మన ఇళ్లలో ఇప్పటికీ ఇలాంటివి ఉన్నాయా?" అని టీచరుగారు అడిగారు.

నేను గబుక్కున మైకు నొక్కి, "మా ఇంట్లో లేవు మేడమ్! మాదంతా సైన్సే," అన్నాను.

చివర్లో, సందేహాలుంటే అడగమన్నారు. సైన్సు వాళ్లకు సందేహాలెందుకు? రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాను.

"ఏందమ్మాయ్, అంతమంది కళ్లు పడ్డయ్యి పిల్ల మీద. దిష్టి తియ్యవా?" అంది అత్తయ్య.

అప్పటికే ఉప్పు, ఎండుమిరపకాయలు నా గుప్పిట్లో ఉన్నాయి. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కిరీటాల దిష్టి, పెట్టెలో శవం దిష్టి..."

"టీచరమ్మని వదిలేశావేమే? చానాసేపు చూసింది!"

"టీచర్ దిష్టి!" అంటూ గుప్పిట్లోవన్నీ సాంబ్రాణి నిప్పుల మీద వేశాను. పల్నాడు మిరపకాయలు కదా, ముగ్గురం పాత ట్రాక్టర్లలా దగ్గాం.

"ఘాటొచ్చింది... దిష్టి లేదులే... ఘాటు రాకపోతేనే తగిలినట్టు," అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ.

"మేడమ్," అంది అల్మారా.

టీవీని కట్టేశాను. ఫోన్‌ను కట్టేయలేదు.

"మాకిక్కడ ఘాటేమీ రావడం లేదు. అంటే మా అందరికీ దిష్టి తగిలినట్టేనా?" అని టీచరుగారు అడుగుతున్నారు. మ్యూజియం ఆవిడ చప్పట్లు కొడుతోంది. "ఇది ఏ కాలం నాటిదని ఆవిడ అడుగుతున్నారు మేడమ్."

"ఈ ఆదివారందే!" అని అరిచింది చిన్ని.

ఇకమీదట ఫోన్‌ను బోర్లించనిదే దిష్టి తీయను. మిరపకాయల మీద ఒట్టు. పిల్ల మీదే వేసేదాన్ని గానీ, దిష్టి తగులుతుందని భయం.