రోహిణి దాకా నీళ్ళు పడని మడి

మా పక్కింటి అత్త మొన్న శుక్రవారం పోయింది. నరసరావుపేట ఆస్పత్రిలో, గుండె ఆగి, మంచం మీద. మా ఊళ్ళో, అందులోనూ ఆ ఇంట్లో, మంచం మీద పోవడం కూడా చెప్పుకోదగ్గ సంగతే. నేను ఆమెకు చుట్టాన్ని కాను. పెళ్ళై ఈ వీధికి వచ్చిన కొత్తలో గోడ మీదుగా తొంగి చూసి, "ఏమే, మొక్కలు పెంచటం వచ్చా, ఊరికే తలలో పెట్టుకోవటమేనా?" అని అడిగింది. అప్పటినుంచి అత్తే.

ఆమె పెరట్లో మే పువ్వుల మడి ఉండేది. ఎండాకాలం చివర, ఆకు రాకముందే నేలలోని గడ్డ నుంచి కాడ పొడుచుకొచ్చి ఎర్రటి బంతిలా పూస్తుంది. ఆ గడ్డలతో అత్త చాలా కటువుగా ఉండేది. పుష్యమాసం రాగానే నీళ్ళు ఆపేసేది. రోహిణి కార్తె దాకా ఆ మడిలో చుక్క పడకూడదు, పార పడకూడదు. ఆకులు పండిపోతుంటే జాలేసి నేనొకసారి చెంబెడు నీళ్ళు పోశాను. చెంబు లాక్కుని వీధిలోకి విసిరికొట్టింది. "పొయ్యటం ఎవురికైనా చాతనవుద్ది. ఆపటమే చాతకాదు" అంది.

ఆమె భర్తను పట్టపగలు బస్టాండు దగ్గర వేటకొడవళ్ళతో నరికారు. ఊరి తగాదా. ఎవరు ఎందుకు మొదలుపెట్టారో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా తెలియదు. శవాన్ని తెచ్చి ఆ మడి పక్కనే దించారు. మెడ మీద ఎన్ని గుడ్డలు వేసినా తడిసిపోయాయి. ఆ ఏడు పూలు విరగబూశాయి. రక్తం తాగి పూశాయని టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడట. అత్త అక్కడికే వెళ్ళి అందరి ముందూ అతని చెంప పగలగొట్టింది. "పేడ మోసింది నేను. రక్తం పడితే గడ్డ కుళ్ళుద్ది, పుయ్యదు. తెలవకపోతే నోరు మూసుకో!"

నరికినవాళ్ళకు బెయిలొచ్చింది. అత్త కొడుకు రాళ్ళ లారీ నడిపేవాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. వీడు కూడా వాళ్ళ నాన్న దారినే పోతాడని ఆమెకు భయం. అన్నం పెడుతూ అతని చేతుల వంకే చూస్తుండేది.

ఆ మాఘమాసంలో మా పుట్టింటికి ఒక గడ్డ కావాలని బతిమాలాను. ఎన్నడూ లేనిది అత్త ఒప్పుకుని మడి తవ్వింది. రెండో పోటుకే పార బకెట్ మూతకు తగిలింది. మూత తీస్తే ఇసుక, ఇసుకలో పురికొస చుట్టిన గుండ్రటివి. "గడ్డలు ఇందులో దాచావా అత్తా?" అంటూ చెయ్యి పెట్టబోయాను. ఆమె కొట్టిన దెబ్బకు వెళ్ళి గోడ మీద పడ్డాను. చెవిలోంచి రక్తం వచ్చింది.

"ముట్టుకోమాకే! బాంబులయ్యి!"

ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. కుడిచెయ్యి మాత్రం ఉంది, దాంతోనే ఇది రాస్తున్నాను. రోహిణి దాకా అక్కడ తడి తగలదని, పార పడదని ఆమె కొడుకుకు బాగా తెలుసు. అందుకే అక్కడ పాతిపెట్టాడు.

బాంబులు తడిసి పనికిరాకుండా పోవాలని అత్త బిందెల మీద బిందెలు నీళ్ళు తెచ్చి బకెట్ నింపింది, ఆ తర్వాత మడంతా నింపింది. కొడుకు వచ్చి చూసి, "ఏం చేశావే!" అని అరిచి ఆమెను ఒక్క తోపు తోశాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆమె రెండో చేత్తో అతని చొక్కా పట్టుకుంది.

"మీ నాన్నని ఎట్టా మోసుకొచ్చారో చూశా. నిన్నట్టా చూళ్ళేనురా. నేనే ఫోన్ చేశా, జీపు వస్తంది."

జీపు ఎక్కుతూ అతను, "నాకు అమ్మ లేదు పో" అన్నాడు.

"నేను లేకపోతే మానె. నువ్వుండు" అంది అత్త.

గడ్డలన్నీ కుళ్ళిపోయాయి. వారం రోజులు మా ఇంటిదాకా వాసన. కొడుకు జైలు నుంచి వచ్చి నడికుడిలో కాపురం పెట్టాడు, ఊళ్ళోకి రాలేదు. అత్త మళ్ళీ గడ్డలు తెచ్చి నాటింది. ఏటా మొదటి పువ్వు కోసి ఆటోలో అతనికి పంపేది. ఆటో అతను తిరిగి వస్తే గుమ్మంలోనే అడిగేది. "ఏమన్నా అన్నాడా?" లేదనేవాడు. "పోనీలే. ఒళ్ళు చేశాడా?" అనేది. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా నడికుడి వెళ్ళి అతన్ని నాలుగు తన్నాలనిపించేది నాకు.

శనివారం కొడుకు వచ్చాడు. ఏడవలేదు. ఊరి బయట పాడె దించారు. పోయిన ప్రాణం ఒకవేళ వెనక్కి వస్తుందేమోనని అక్కడ శవం చెవిలో కొడుకు మూడుసార్లు పిలవాలి. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఎంతసేపటికీ నోరు విప్పలేదు. "పిలవరా, పొద్దెక్కుతంది" అన్నాడొక పెద్దాయన.

వంగి పిలిచాడు. "అమ్మా." మూడుసార్లు అయ్యాక నలుగురూ పాడె ఎత్తబోయారు. అతను వెదురు పట్టుకుని వదల్లేదు. నాలుగోసారి పిలిచాడు. అయిదోసారి పిలిచాడు. గొంతు బొంగురుపోయి, మాట గాలైపోయేదాకా ఆ చెవిలో పిలుస్తూనే ఉన్నాడు. లెమ్మని ఎవరమూ అనలేదు.