సున్నం కొట్టిన గుట్ట

ఇప్పుడంటే తినబోయే దోసెకు కూడా ఫోటో తీస్తున్నారు గానీ, నేను మీసం మొలిచీ మొలవకుండా గుత్తిలో ఒక ఫోటో స్టూడియోలో పనికి చేరిన కాలంలో మా అనంతపురం వైపు మనిషికి బతుకులో రెండే ఫోటోలు. ఒకటి పెళ్ళికి, ఇంకొకటి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి. మొదటిదాంట్లో అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని భయంగా చూసేవాళ్ళు, రెండోదాంట్లోనే కాస్త నిమ్మళంగా కనిపించేవాళ్ళు. నా పని చీకటి గదిలో ఎర్రబల్బు కింద తొట్టెల్లో ఫోటోలు కడగడం, వచ్చినవాళ్ళకు అద్దమూ దువ్వెనా అందించడం, సమయానికి "ఊపిరి బిగబట్టండి" అని అరవడం. (అలా అరిచేటప్పుడు నేనూ బిగబట్టేవాణ్ణి. ఎందుకో నాకు తెలియదు, అలవాటైపోయింది.) ఆ పనంటే నాకు ప్రాణం. తెల్లకాగితం మీద నీళ్ళలోంచి మెల్లగా ఒక ముక్కు, తరువాత ఒక మీసం తేలి రావడం చూస్తూ ఉంటే అన్నం సంగతి కూడా గుర్తుకొచ్చేది కాదు.

మా నాయనకు మాత్రం అది పనిలాగే కనిపించలేదు. "నీళ్ళల్లో కాయితాలు ఆడిచ్చేది ఒక పనేనా? గోరంట్లలో మీ పెద్దనాయన సెనక్కాయల మిల్లు పెట్టినాడు. పోయి ఆడ కూచో, మనిషివైతావు" అనేవాడు. ఆ మిల్లు నేనొకసారి చూశాను. లోపల మనిషి మాట మనిషికి వినపడదు, బయట మా పెద్దనాయన మాట తప్ప ఇంకేమీ వినపడదు. నన్ను అక్కడికి పంపుతారేమోనని, నాయన గోరంట్ల పేరెత్తగానే ఏదో ఒక పని చెప్పి బయటికి జారుకునేవాణ్ణి. స్టూడియోలో చూస్తే పెళ్ళిళ్ళు లేక బేరం పడిపోయింది. వరసగా వానలు మొహం చాటేస్తే పెళ్ళిళ్ళెవరు చేస్తారు. మా యజమాని కూడా ఇక నన్ను పెట్టుకోలేనన్నట్టు చూపులు మొదలుపెట్టాడు. ఆయన్ను ఊరంతా నల్లగుడ్డన్న అనేది, కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చినవాడు తొందరగా బయటికి వచ్చేవాడు కాదు మరి.

అలాంటి సమయంలో బెంగుళూరు నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన, నెత్తిన గడ్డి టోపీ, మెడలో మంచి కెమెరా, చేతిలో మూడుకాళ్ళ స్టాండు. మన గుట్టలూ బయళ్ళూ ఫోటోలు తీసుకుంటాడట, దారి చూపించే మనిషి కావాలట, బాగా జరిగితే తనలాంటి మిత్రులను నెలనెలా తీసుకొస్తాడట. నల్లగుడ్డన్న నా వైపు తిరిగి, "ఏమప్పా, నీకు గుట్టలు తెలుసునా?" అన్నాడు. "పుట్టినప్పట్నుంచీ గుట్టల్లోనే కదన్నా తిరిగింది" అన్నాను. నిజానికి నేనెక్కింది ఒకటే గుట్ట, మా అమ్మ పుట్టిన పల్లెలో మా మామ ఇంటి వెనకది. అది కూడా ఒక మేకను తరుముకుంటూ ఎక్కి, దిగడం చేతకాక ఏడుస్తూ కూర్చుంటే మా మామ వచ్చి వీపున వేసుకుని దించాడు. సార్‌కు చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ గుట్ట ఒక్కటే. రాత్రి ఇంట్లో సంగతి చెబితే నాయన, "సరే, ఈ ఒక్కసారి సూస్తా. ఇది అయ్యిందా, ఉండు. కాలేదా, గోరంట్ల బస్సెక్కు" అని తేల్చేశాడు.

మరునాడే మామకు చెప్పి రావడానికి పల్లెకు పోయాను. మామ ఆ ఊరికి పెద్ద. గొంతు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి. ఆయన చెయ్యి భుజం మీద వేస్తే నేను కాస్త ఒరిగేవాణ్ణి.

"బెంగుళూరు నుంచి సారొస్తాండాడు మామా. ఫోటోలు తీస్తాడు" అన్నాను.

"ఎవురికి?"

"మనుషులకు కాదు. గుట్టకు."

మామ వక్కాకు నమలడం ఆపేశాడు. "గుట్టకు ఫోటోనా? దానికేమన్నా సంబంధాలు సూస్తాండారా అప్పా?"

ఆయన ఎంత గొప్పవాడో, ఎంత దూరం నుంచి వస్తున్నాడో వివరించి, "గుట్ట ఆయనకు నచ్చితేనే నా పని నిలబడతాది మామా. కొంచెం సూసుకో" అని చెప్పి తిరిగొచ్చేశాను. కొంచెం సూసుకో అని ఎందుకన్నానో నాకే తెలియదు. గుట్టను ఎవరైనా ఏం చూసుకుంటారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

అనుకున్న రోజున సార్‌ను వెంటబెట్టుకుని రైలు దిగి చేలగట్ల మీద నడక మొదలుపెట్టాను. స్టాండు నా భుజాన, టోపీ ఆయన నెత్తిన, ఎండ ఇద్దరి మీద. దారి పొడుగునా నేను చేసిన పని క్షమాపణలు చెప్పుకోవడం. "వానల్లేవు సార్, లేకుంటే ఇదంతా పచ్చగా ఉంటాది" అని ఒకచోట, "ఈడ చెరువు సార్, నీళ్ళుంటే చెరువని తెలుస్తాది" అని ఇంకోచోట. ఆయనేమో పగుళ్ళిచ్చిన చెరువు మన్ను చూసి మోకాళ్ళ మీద కూర్చుని మురిసిపోతున్నాడు. "పచ్చదనం మాకు అక్కడ కావలసినంత ఉందప్పా. నాకు ఇదే కావాలి. బండా, ఎండా, ఆకాశం. మనిషి చెయ్యి పడనిది" అన్నాడు. మా కరువును చూసి సంతోషపడిన మనిషిని నేను మొదటిసారి చూశాను. (కోపం రావాలో వద్దో తేల్చుకోలేక నేను కూడా ఒక మట్టిపెళ్ళ తీసి ఆసక్తిగా చూశాను.)

మధ్యాహ్నానికి మామ ఇల్లు చేరాం. మామ లేడు. అత్త జొన్నరొట్టె, రోట్లో నూరిన సెనక్కాయల ఊరిబిండి, మజ్జిగ పెట్టింది. సార్ కడుపారా తిని, ఎండ వాలితే గానీ బండల మీద వెలుగు బాగుండదని చెప్పి, వసారాలో చాప మీద వాలి టోపీ మొహాన వేసుకున్నాడు. "మామ యాడికి పోయినాడు అత్తా?" అని అడిగితే అత్త గర్వంగా నవ్వి, "నీ పని మీదనే కదప్పా, పొద్దున్నించీ ఊరు ఊరంతా ఆడనే ఉండాది" అంది. గబగబా ఇంటి వెనక్కి వెళ్ళి తలెత్తి చూశాను.

అంతకు ముందెప్పుడో మా మామ ఊరికి ఒక మంత్రి వస్తాడని కబురొచ్చింది. మా వైపు పెద్దవాళ్ళు వస్తున్నారంటే దారి పక్క రాళ్ళకు సున్నం కొట్టి, మధ్యలో ఎర్రమన్ను పట్టీలు వేయడం రివాజు. మంత్రి రాలేదు, తెప్పించిన సున్నం ఊళ్ళో అలాగే ఉండిపోయింది. అది ఇప్పుడు గుట్ట మీద ఉంది. మనిషెత్తు బండలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, వాటికి నడుముల దగ్గర ఎర్రటి పట్టీలు. గుట్ట గుట్టంతా గుడి ప్రహరీలాగా తయారైంది. మామ పైన, ఇంటి చూరులా ముందుకు పొడుచుకొచ్చిన ఒక చూరుబండ కిందకి వంగి, మిగిలిన సున్నం చేత్తోనే పూస్తున్నాడు. నన్ను చూసి సున్నం చెయ్యి బండకు ఆనించి లేచి, "ఎట్లుండాది అల్లుడూ?" అన్నాడు.

పైకి పరుగెత్తాను. "మామా, ఏం పని చేసినావు? ఆయనకు గుట్ట ఎట్లుంటే అట్ల కావల్ల."

"ఎట్లుంటే అట్లనా? నువ్వు ఫోటోకు కూచునేటప్పుడు మొగం కడుక్కోకుండా కూచుంటావా? గుట్ట అయితే మాత్రం, అంత దూరం నుంచి మనిషొస్తాంటే దుమ్ము మొగంతో నిలబడతాదా?"

స్టూడియోలో రోజంతా నేను అద్దమూ దువ్వెనా అందిస్తున్నది అందుకే కదా. "కడిగేద్దాం మామా" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళంతా చీపుర్లు ఆపి నా వైపు చూశారు. "కడిగేదా? సున్నం కలిపేదానికే ఊళ్ళో కడవలన్నీ అడుగంటినాయి. మనుషులు తాగేదానికే ఆడోళ్ళు అంత దూరం పోయి తెస్తాండారు. గుట్టకు తానం పోపిస్తావా నువ్వు?" అన్నాడు మామ. ఆయన గొంతు తగ్గింది. "పొద్దున్నించీ నీకోసమని గంజి కూడా తాగకుండా ఉండాము అప్పా."

ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. చెట్టంత మనిషి నెత్తిన సున్నం చుక్కలతో చిన్నపిల్లవాడిలా మొహం చిన్నబుచ్చుకుని నిలబడితే ఏమనగలను. కానీ కింద సార్ లేచే వేళవుతోంది, నా కళ్ళముందు మిల్లు తిరుగుతోంది. "ఇది చెడిపోతే నన్ను గోరంట్లకు పంపిస్తారు మామా, పెద్దనాయన మిల్లుకు" అనేశాను.

మామ మొహం మారిపోయింది. (మా అమ్మ పెళ్ళిలో మా పెద్దనాయనకు వడ్డించిన లడ్డు చిన్నదైందని మొదలైన గొడవ వాళ్ళిద్దరి మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.) "ఆయప్ప దగ్గరికా? ముందే చెప్పేదానికేమి నీకు?" అని, ఊరివాళ్ళ వైపు తిరిగి, "సున్నం ఇంకా తడి ఆరలేదు. నీళ్ళు లేకుంటే పోనీ, దుమ్ముకేమి కరువు? కొట్టండ్రా" అన్నాడు.

నిజమే, మా దగ్గర ఎవరినీ అడుక్కోకుండా దొరికేది అదొక్కటే. అందరూ దోసిళ్ళతో, చేటలతో, తుండుగుడ్డలతో దుమ్ము తీసి బండల మీద కొట్టడం మొదలుపెట్టారు. పొద్దున్నించీ ఎంత శ్రద్ధగా సున్నం పూశారో అంతకు రెట్టింపు ఉత్సాహంగా దుమ్ము కొట్టారు. తడి సున్నానికి దుమ్ము బాగానే పట్టుకుంది గానీ, గాలి మా వైపు తిరగడంతో బండల కన్నా మాకే ఎక్కువ పట్టుకుంది. దగ్గుతూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ కొడుతున్నాం. నేను అందరికన్నా ముందు నిలబడి, రెండు చేతులా ఎత్తి, "ఆ తెల్లదానికి, ఆ తెల్లదానికి" అని అరుస్తున్నాను. అప్పుడు వెనక నుంచి టక్కుమని చిన్న శబ్దం వినిపించింది. ఆ శబ్దం నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

సార్ కింద చదునుబండ మీద స్టాండు లేకుండా, కెమెరా చేత్తోనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. టోపీ ఎక్కడో పడిపోయింది. మేమంతా రాళ్ళలా ఆగిపోయాం. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, బండ మీద కూర్చుండిపోయి నవ్వాడు. నవ్వు ఆగాక, "ఆపొద్దప్పా, ఇంకోసారి కొట్టమను" అన్నాడు. అదే కుదరలేదు. కెమెరాను చూశాక మా వాళ్ళు దుమ్ము ఎందుకు కొడతారు. తుండుగుడ్డలతో మొహాలు తుడుచుకుని, గుట్ట ముందు వరుసగా నిలబడి, చేతులు కిందికి చాపి, ఊపిరి బిగబట్టారు. సార్ ఎంత బతిమాలినా ఒక్క చెయ్యి లేవలేదు. మామ ఒక్కడు మాత్రం ఆ వరుసలోకి రాలేదు. సున్నం మొహంతో ఫోటో వద్దని కడుక్కోవడానికి ఇంటికి పరుగెత్తాడు. ఆయన తిరిగొచ్చేసరికి వెలుగు పోయింది.

ఆ ఫోటోలు నేనే కడిగాను. తొట్టెలో ముందు ఆకాశం వచ్చింది, తరువాత సగం తెల్లగా సగం మట్టిగా ఉన్న గుట్ట, దాని మీద వాలుటెండలో పొగలా లేచిన దుమ్ము, ఆ దుమ్ములో నీడల్లా మనుషులు. ఇంకా దగ్గరికి వంగి చూశాను, అంత బాగుంది. చివరన మధ్యలోంచి కళ్ళు మూసుకుని, నోరు అంగుడు కనిపించేలా తెరిచిన ఒక మొహం తేలి వచ్చింది. నాదే. నల్లగుడ్డన్న ఎర్రబల్బు కింద చాలాసేపు చూసి, "గుట్ట బాగుండాది. ఆ నోరే లేకుంటే ఇంకా బాగుండు" అన్నాడు. సార్‌కు మాత్రం నోటితో సహా నచ్చింది. మళ్ళీ నెలకు మిత్రులతో వస్తానని చెప్పి, రైలెక్కబోతూ నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒక్క మాటప్పా. ఈసారి మేము వస్తున్నట్టు గుట్టకు చెప్పొద్దు."

ఫోటో ఇంటికి తీసుకెళ్ళి నాయనకు ఇచ్చాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "దీనికోసరమా బెంగుళూరు నుంచి వచ్చినాడు?" అన్నాడు. అవునన్నాను. మళ్ళీ చూశాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. "దుమ్ము కొట్టేదానికి గోరంట్ల దాకా ఎందుకులే, ఈడనే ఉండు" అని ఫోటో తిరిగిచ్చేశాడు. మా నాయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. నాకది బతుకంతా సరిపోయింది.

మొన్న మా మనవరాలు గుట్టలెక్కే గుంపుతో పోతూ నన్నూ లాక్కెళ్ళింది. మామ పల్లె గుట్టకే. దారి చూపించే కుర్రవాడు (నాకన్నా మాటకారి, గుట్టలు కూడా తెలిసినట్టే ఉన్నాయి) మమ్మల్నందరినీ చూరుబండ కిందకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, బండ మీద తెల్లటి చెయ్యి గుర్తు చూపించాడు. వేల ఏళ్ళ కిందట గుహల్లో బతికిన ఆదిమానవుడిదట. అందరూ ఆశ్చర్యపోయి ఫోన్లు తీశారు. బయటి బండల సున్నం ఏనాడో కొట్టుకుపోయింది గానీ, అక్కడికి వాన రాదు. మా ఊళ్ళకే సరిగ్గా రాదు, చూరుబండ కిందకి ఏం వస్తుంది.

చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. గోరంట్ల బస్సెక్కకుండా ఆ కుర్రవాడు కూడా ఏదో తంటాలు పడుతుంటాడు కదా. అందరూ ముందుకు కదిలాక ఆ గుర్తు మీద నా అరచెయ్యి పెట్టి చూశాను. ఇంత వయసొచ్చినా నా చెయ్యి అందులో ఇంకా చిన్నదే. మామ పెళ్ళినాటికి ఆ పల్లెకు కెమెరా రాలేదు, దుమ్ము ఫోటోలో ఆయన ఉత్త నీడే, మొహం కనిపించే ఫోటో ఒక్కటి కూడా లేదు. పోయినప్పుడు తీద్దామన్నా ఆ ఏడు వానలు బాగా పడి, వాగు దాటి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

"తాతా, అట్లనే ఆ చెయ్యి పక్కన నిలబడు" అంది మనవరాలు ఫోను ఎత్తి. నేను ఆగమని సైగ చేసి, భుజం మీద తుండుగుడ్డ తీసి మొహమంతా శుభ్రంగా తుడుచుకున్నాను. "బాగానే ఉండావు కదా తాతా, ఇప్పుడెందుకది?" అని నవ్వింది. "ఇద్దరిదీ ఫోటో కదమ్మా, ఆయన ఊరుకోడు" అన్నాను. ఇద్దరెవరని అది అడిగేలోగా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.