ఊరికే వేలాడిన వైరు

మా మరిది సుధాకర్ ఏ పెళ్ళికి వెళ్ళినా, భోజనాల దగ్గర నలుగురు కనబడితే చాలు, మొదలుపెడతాడు: "మా వదిన ఇంటర్నెట్‌కి ఉరేసింది, తెలుసునా మీకు?" అది శుద్ధ అబద్ధం. నేను ఎవరికీ ఉరి వేయలేదు. ఆ రోజు మా ఇంట్లో జరిగిన సర్వనాశనంలో నా చెయ్యి ఉన్న మాట నిజమే గానీ, అతని కథలో నేనొక్కదాన్నే మూర్ఖురాలిని, అతనేమో మహా మేధావి. అసలు జరిగింది చెబుతాను. విన్నాక మూర్ఖత్వాన్ని ఎవరెవరికి ఎంతెంత పంచాలో మీరే పంచండి. పెద్ద వాటా నాకే వస్తుందని తెలుసు, ఆ విషయంలో బేరమాడను.

మాది తిరుపతిలో పాత మిద్దె ఇల్లు. పైన మేము, కింద కాంతమ్మక్క. ఆ ఇల్లు కట్టినవాడు కోట కడదామని మొదలుపెట్టి మధ్యలో మనసు మార్చుకున్నట్టున్నాడు, గోడలు అంత మందం. ముందు హాల్లో ఇంటర్నెట్ డబ్బా పెడితే వెనక గదికి వైఫై చేరదు. మా ఆయన ఫోను తలమీద పెట్టుకుని సిగ్నల్ కోసం ఇల్లంతా ప్రదక్షిణలు చేసేవారు. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే సుధాకర్ అప్పుడే ఉపాయం చెప్పాడు. హాల్లో డబ్బా నుంచి వెనక గదికి ఒక వైరు లాగాలి. అక్కడ వరసగా కన్నాలున్న చిన్న డబ్బా ఒకటి పెట్టాలి. ఒక కన్నంలోంచి కంప్యూటరుకి వైరు, ఇంకోదాంట్లోంచి టీవీకి వైరు, మరోదాంట్లోంచి ఫోన్ల కోసం రెండో వైఫై డబ్బాకి వైరు. ఆ కన్నాల డబ్బాని స్విచ్ అంటారట. నొక్కడానికి ఏమీ లేనిదాన్ని స్విచ్ అని ఎందుకంటారని అడిగితే అతను నవ్వాడు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. సమాధానం తెలిసినవాడు నవ్వడు కదా.

మెకానిక్కుని పిలుద్దామని మా ఆయన అన్నారు. పిలిస్తే వాడికి పాస్‌వర్డ్ తెలుస్తుంది. వాడికి తెలిస్తే వాడి బామ్మర్దికి తెలుస్తుంది. అందుకని వైర్లు నేనే లాగాను, మేకులు నేనే కొట్టాను. పాస్‌వర్డ్ మాత్రం వారం రోజులు ఆలోచించి పెట్టాను: ఎవరినీనమ్మొద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. దాన్ని కాగితం మీద రాస్తే ఎవరైనా చూస్తారు, మెసేజి పెడితే ఎవరైనా చదువుతారు. కాబట్టి నోటితోనే, ఒక్క మా ఆయనకే చెప్పాను. ఆయన కింద వీధిలో స్కూటరు తుడుస్తున్నారు, నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆయనకి కాస్త చెవుడు కాబట్టి ఒక్కో అక్షరం విడదీసి గొంతెత్తి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అంత జాగ్రత్త నాది.

నా జాగ్రత్తకి కారణం కాంతమ్మక్క. ఆమె ఇంట్లో నెట్ లేదు. అయినా పొద్దున లేచింది మొదలు ఫోన్లో సీరియళ్ళు. ఒకసారి అడిగాను కూడా, ఇంత డేటా ఎట్లా సరిపోతుందని. "మా అల్లుడు రీచార్జి చేపిస్తాడు" అంది. ఆ అల్లుణ్ణి నేను ఎరుగుదును. అత్తగారింటికి వచ్చినప్పుడు తన ఫోను ఛార్జింగు కూడా ఇక్కడే నింపుకుని పోయే రకం. అలాంటివాడు రీచార్జి చేయిస్తాడా? మీరు నమ్ముతారా? నేను నమ్మలేదు.

ఇక అసలు కథ. మా ఆడబిడ్డ పద్మ వదినది చిత్తూరు దగ్గర పూతలపట్టు. వాళ్ళాయనకి అరవై నిండుతున్నాయి. ఆ రోజు ఇద్దరూ కొండ మీద కల్యాణోత్సవంలో కూర్చోవాలని ఆమె కోరిక. ఆ టికెట్లు చాలా ముందుగానే ఆన్‌లైన్లో వదులుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయి. తిరుపతిలో ఉన్నవాళ్ళమంటే చుట్టాలందరికీ ఒక భ్రమ, స్వామివారి ఇంటి తాళాలు మా కొంగున ముడివేసి ఉన్నాయని. పద్మ వదిన మాత్రం అలా అడగలేదు. "మేమే ఫోన్లో సూసుకుంటాంలే రాజీ, నీకెందుకు శ్రమ" అంది. ఆ మాటలో నాకు వెటకారం వినబడింది. "నీ పాత ఫోనుతో నువ్వు ఏమీ ముట్టుకోవద్దు వదినా, మా ఇంట్లో వైరుతో కంప్యూటరు, వైఫైతో రెండు ఫోన్లు, మూడువైపుల నుంచీ పడతాం. టికెట్టుకి పూచీ నాది" అన్నాను. అక్కడితో ఊరుకోక చుట్టాల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. టికెట్టు రాకపోతే పద్మ వదిన కోరిక పోతుంది, తరువాత ఆ గ్రూపులో నా ముఖం నేను చూపించుకోలేను.

టికెట్లు వదిలే రోజు పొద్దున తొమ్మిది దాటాక మా ఆయన్ని సెలవు పెట్టించి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. టికెట్లు తెరిచేది పదింటికి. స్వామి కార్యం కదా, గది శుభ్రంగా ఉండాలని చీపురు పట్టాను. బల్ల కింద చూస్తే కన్నాల డబ్బాలోంచి ఒక వైరు బయటికి వచ్చి, దాని కొస ఊరికే వేలాడుతోంది. అంతకుముందు వారం టీవీని హాల్లోకి మార్చాం, దాని తాలూకు వైరు అది. నా ఇంట్లో ఏ వస్తువూ పనీపాటా లేకుండా వేలాడ్డానికి వీల్లేదు. చూస్తే డబ్బాలో పక్కనే ఒక కన్నం ఖాళీగా ఉంది. వైరు కొసకి ఆ కన్నం కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. టక్కుమని శబ్దం కూడా వచ్చింది. ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను.

కాసేపటికి మా ఆయన అన్నారు, "ఏమే, నెట్ పోయినట్టుండాదే."

ఫోను చూశాను, అందులోనూ లేదు. హాల్లో డబ్బా దగ్గరికి పరిగెత్తాను, వెనక గది డబ్బా దగ్గరికి పరిగెత్తాను. దీపాలన్నీ పూనకం వచ్చినట్టు ఎగురుతున్నాయి. ఆరిపోయి ఉంటే పోయిందనుకునేదాన్ని. కానీ ఇవి మామూలుకన్నా పదిరెట్లు వెలుగుతున్నాయి. అంటే నెట్ వస్తోంది, మనకి చేరకుండా ఎవరో తోడేస్తున్నారు. ఎవరు? నా చూపు నేలమీదికి పోయింది. నేలకింద ఎవరుంటారో మీకు తెలుసు.

సాక్ష్యం లేకుండా పోకూడదని ముందు సుధాకర్‌కి ఫోన్ చేశాను. దీపాలు ఎగిరే తీరు చెప్పాను. అతను అటువైపు ఎవరితోనో మాట్లాడుతూనే, చాలా తేలిగ్గా అన్నాడు, "లూప్ పడినట్టుండాది వదినా. నువ్వే వేసుకున్నావేమో."

"ఏం పడింది?"

"లూప్ వదినా, లూప్. తెలవక వేసుకునుంటావు. ఏం భయం లేదు, తీసేస్తే సరిపోతాది. నీకు చేతకాకుంటే అన్నని పిలిచి తీయించుకో."

ఈ వ్యాసం చదివే ఆడవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. మగవాళ్ళ కోసం చెబుతున్నాను: మా కాలంలో లూపు అంటే ఒకటే. ఇద్దరు పిల్లలయ్యాక మూడో కాన్పు వద్దనుకుంటే పెద్దాసుపత్రిలో, ఆకుపచ్చ తెర వెనక, నర్సమ్మ గొంతు తగ్గించి చెప్పే మాట. నేను అది వేయించుకున్నదీ తీయించుకున్నదీ మా అమ్మకి తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్నాను. అలాంటిది నా పెళ్ళప్పుడు నిక్కరు వేసుకుని తిరిగిన మరిది, నలుగురున్న ఆఫీసులో కూర్చుని, దాని గురించి నాకు సలహా చెబుతున్నాడు. పైగా అన్నని పిలవాలట.

"వదినతో మాట్లాడే మాటలేనా ఇవి? మీ అమ్మ పెంచింది ఇట్లనా నిన్ను?" అన్నాను.

"నేనేమంటిని వదినా ఇప్పుడు? లూప్ అంటే..."

అర్థం కూడా చెబుతున్నాడు. కోపంతో ఫోన్ పెట్టేసి, అతని నంబరు బ్లాక్ చేశాను. ఏం జరిగిందని మా ఆయన అడిగితే, మీ తమ్ముడి బుద్ధి చెడిపోయింది, తరువాత చెబుతాను అన్నాను.

టైము పదికి దగ్గరపడుతోంది. ఫోన్లలో డేటా ఉండేది కదా అని మీరు అడుగుతారు. ఇంటికి నెట్ వచ్చాక ఆ రీచార్జి దండగని మాన్పించింది నేనే. ఇక దారి లేక కిందికి దిగాను.

కాంతమ్మక్క గుమ్మంలోనే ఉంది, చేతిలో ఫోను, ముఖం మాడ్చుకుని. చుట్టూ తిప్పకుండా అడిగేశాను, "అక్కా, నిజం చెప్పు. మా నెట్ నువ్వు వాడుకుంటుండావా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందిమ్మా రాజేశ్వరీ, పొద్దున్నే నా మీద పడినావు? మీ నెట్ నాకెందుకు?"

"మా డబ్బాలో దీపాలు ఎగరతా ఉండాయి. ఎవరో లాగతా ఉండారు."

"నేను లాగతా ఉంటే నా ఫోన్లో రావల్ల కదా. ఇదో సూడు, నా సీరియల్ గూడా అరగంటనుంచి గిర్రుమని తిరగతానే ఉండాది. అత్త కోడలి మీదికి చెయ్యెత్తింది, ఎత్తిన చెయ్యి అట్నే ఉండాది. కొట్టిందో లేదో తెలీక నేను సస్తా ఉంటే నువ్వొచ్చి దొంగతనం అంటగడతావా?"

చూశాను. నిజమే, చెయ్యెత్తిన అత్త అలాగే ఆగిపోయి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. పాపం, ఆమెకీ రావడం లేదంటే ఆమె దొంగ ఎట్లా అవుతుంది? అక్కడికక్కడే క్షమాపణ చెప్పాను. "సాయంత్రం ఉలవచారు చేసి పంపిస్తా అక్కా" అని కూడా అన్నాను. ఆమె పెద్దమనసుతో, "గిన్నె నిండుగా పంపు" అంది.

ఇంతలో పైన మా ఆయన ఫోను మోగింది. బ్లాక్ అయిన సుధాకర్ అన్నకి చేశాడు. ఏం చెప్పాడంటే: ఒకే వైరు రెండు కొసలూ ఒకే డబ్బాలో గుచ్చితే, అందులో పోయేది మళ్ళీ అందులోకే వచ్చి, తిరిగిందే తిరిగి, ఇల్లంతా జామ్ అయిపోతుంది. దాన్నే లూప్ అంటారు. ఒక కొస పీకేస్తే చాలు. మా ఆయన బల్ల కింద దూరి పీకారు. దీపాలు బుద్ధిగా కూర్చున్నాయి. అదే క్షణంలో, మెట్లెక్కుతున్న నాకు కింద కాంతమ్మక్క ఫోన్లోంచి ఫెడీమని చెంపదెబ్బ, వెనకాలే వయొలిన్లు. అత్త కొట్టేసింది.

నేను రొప్పుతూ పైకి వచ్చేసరికి మా ఆయన సైటు తెరిచి చూస్తున్నారు. పది దాటిపోయింది, టికెట్లు అన్నీ అయిపోయాయి.

పద్మ వదినకి ఫోన్ చేద్దామని మాటలు కూడగట్టుకుంటుండగా ఆమే చేసింది. నేను నోరు తెరిచేలోగా, "రాజీ, ఏమనుకోవద్దు. నువ్వు ముట్టుకోవద్దంటివి గానీ, మనసు ఒప్పక చిత్తూరు బస్సులో కూర్చోని నా ఫోన్లోనే నొక్కితి. దొరికింది" అంది. నేను గోడకి ఆనుకున్నాను. అంతటితో వదిలితే ఆమె మా ఆడబిడ్డ ఎందుకవుతుంది? "మీకిద్దరికీ గూడా ఒకటి చేసినా. మీ తిరుపతిలో నెట్ దొరకదంట కదా, సుధాకర్ చెప్పినాడు" అంది.

నెలలు గడిచాక నలుగురం కల్యాణోత్సవంలో కూర్చున్నాం. అక్షతలు పడుతుండగా, ఆ స్వామి ఎదుటే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ వైరు వేలాడినా దాని కర్మానికి దాన్ని వదిలేస్తాను. ఖాళీ కన్నం కనబడితే కళ్ళు మూసుకుని నడుస్తాను. ఎవరైనా లూపు అంటే, ఫోన్ పెట్టేసేముందు ఏ లూపో మర్యాదగా అడుగుతాను. ఈ ప్రమాణం తప్పితే నా ఫోన్లో సీరియళ్ళన్నీ ఎత్తిన చెయ్యి దగ్గరే ఆగిపోవుగాక.

ఆ మాట మనసులో అనుకుంటుండగానే నాకు చురుక్కుమంది. వైరు గుచ్చింది మా ఇంట్లో. జామ్ అయింది మా డబ్బా. మరి కింద కాంతమ్మక్క ఫోన్లో అత్త చెయ్యి ఎందుకు ఆగింది? మేము ఇక్కడ వైరు పీకగానే అక్కడ దెబ్బ ఎట్లా పడింది? ఉలవచారు గిన్నె నిండుగా పంపాను, గిన్నె ఇంకా తిరిగి రాలేదు, అది వేరే సంగతి. పాస్‌వర్డ్ నేను మా ఆయనకి తప్ప ఇంకో ప్రాణికి చెప్పలేదు. అందుకే, పక్కనే కొత్త పంచె కట్టుకుని భక్తిగా కళ్ళు మూసుకున్న ఆ మనిషి వైపు అప్పుడూ అనుమానంగానే చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను. ఏమండీ, కాంతమ్మక్కకి మీరెప్పుడు చెప్పారు?