తిట్లు తిని పెరిగిన సోంపు

మా మేనత్తకు కోప్పడకుండా మాట్లాడటం రాదు. టైమెంతయిందని అడిగితే, "గోడ మీద గడియారం ఎందుకు పెట్టాననుకున్నావ్, బొద్దింకలు చూసుకోడానికా?" అంటుంది. చదువు కోసం నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. కొత్తలో ఆమె ఫోన్లో అరుస్తుంటే ఎవరితో గొడవోనని కంగారుపడేదాన్ని. పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతోందని తరవాత తెలిసేది. ఫ్లాట్లవాళ్లు చాటుగా ఆమెను "కుక్కర్‌గారు" అంటారు.

మెట్ల పక్కన మడిలో ఆమె సోంపు పెంచుతుంది. గింజల కోసమే కాదు, అందానికి కూడా. రాగిరంగు ఆకులు ఈకల్లా మెత్తగా ఉంటాయి, పైన పసుపు పూలు గొడుగుల్లా విచ్చుకుంటాయి. ఆకు తరిగి ఆమ్లెట్లో వేస్తుంది. ఆ పక్కనే టమాటా నాటబోయిన ఎదురింటాయనను, "దీని పక్కన అది సరిగ్గా ఎదగదయ్యా, ఆ మాత్రం తెలీదా?" అని తరిమేసింది.

రోజూ నీళ్లు పోస్తూ మొక్కల్నీ తిడుతుంది. "ఏమే, నిన్న కర్ర కట్టి నిలబెడితే ఇవాళ వాలిపోయావేం? నడుం లేదా?" ఆకుల్ని కరకర నమిలే పచ్చటి చారల పురుగుకైతే ప్రత్యేకంగా పడతాయి. "తిను, తిను. మీ అమ్మ గుడ్డు పెట్టి చక్కా పోయింది, మేపడానికి నేను దొరికాను!"

"తీసి పారెయ్యొచ్చుగా అత్తయ్యా?" అన్నానొకసారి.

"సీతాకోకచిలుకలు ఆకాశంలోంచి ఊడిపడతాయనుకున్నావా? ఇదేనా నీ ఎమ్మే?"

ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగులకు మాత్రం ఒక తిట్టు తక్కువ. అవి మొక్కల రసం పీల్చే పేనుబంకను తినిపెడతాయి కనక ఆమె దృష్టిలో ఉద్యోగస్తులు.

పోయిన ఆదివారం ఫ్లాట్ల సెక్రటరీ ఆవరణంతా పురుగుమందు కొట్టించడానికి ఒక మనిషిని పిలిపించాడు. ఆ మందు పడితే గుడ్లూ పురుగులూ తేనెటీగలూ ఒక్కటీ మిగలదు. అత్తయ్య గరిటెతో సహా వచ్చి సోంపుకి అడ్డంగా నిలబడింది.

"జరగండి మేడమ్. మీ మొక్కలొదిలేస్తే రేపు అందరూ అడుగుతారు," అన్నాడు సెక్రటరీ.

అత్తయ్య నోరు తెరిచింది. అంతలో వీపున డబ్బాతో నిలబడ్డ మందు మనిషి తెరలు తెరలుగా దగ్గాడు. ఆమె చూపు అటు తిరిగింది.

"ఏమయ్యా, మూతికి గుడ్డేది?"

"అలవాటేనమ్మా."

"ఊపిరి పీల్చడం కూడా అలవాటేగా, అది మానేస్తావా? చేతులకి తొడుగులేవి? దించు ఆ డబ్బా!"

దించాడు. ఆ గొంతు వింటే ఎవరైనా దించుతారు. అత్తయ్య ఆ డబ్బాను పట్టీతో ఎత్తి తీసుకెళ్లి సెక్రటరీ చేతిలో పెట్టింది.

"మీరే కొట్టండి. మూతికేమీ కట్టుకోకుండా, ఇతన్లాగే. నా సోంపుతోనే మొదలుపెట్టండి. ఇదిగో, జరుగుతున్నా."

నిజంగానే పక్కకి జరిగింది. పూల మీద తేనెటీగలు ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. సెక్రటరీ గొట్టం ఎత్తాడు, వాసన తగిలి ముక్కు మూసుకున్నాడు, డబ్బా కింద పెట్టేశాడు.

"మాస్కులవీ తెప్పించాక చూద్దాం," అని మెట్లెక్కేశాడు.

"తెప్పించాక కూడా నా మడి జోలికి రాకండి!" అని వెనకనుంచి కేకేసింది.

మందు మనిషి బిక్కమొహం వేశాడు. "అయితే ఇవాళ నా పని పోయినట్టేనామ్మా?"

"పోవడమేంటి? సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని రా, ముందు ఏదన్నా తిను. తరవాత ఈ మడి గుల్ల చెయ్యి, కూలి నేనిస్తా. పురుగుల్ని తొక్కావో, చూడు!"

సాయంత్రం దాకా అతను తవ్వాడు, ఆమె తిట్టింది. వెళ్లేటప్పుడు గింజలు పొట్లం కట్టి చేతిలో కుక్కింది. "మరిగించి తాగు, గొంతుకి హాయిగా ఉంటుంది. రేపు డాక్టర్ దగ్గరికెళ్లు. వెళ్లకుండా దగ్గుతూ ఇటొచ్చావో, నీ సంగతి చెప్తా!"

గేటు దగ్గర అతను నన్ను మెల్లగా అడిగాడు. "అమ్మాయిగారూ, దగ్గు తగ్గాక రావొచ్చా?"

లోపల్నుంచి అత్తయ్య అరుపు వినిపించింది.

"రాకపోతే ఈ కలుపెవరు తీస్తారు, ఆ సెక్రటరీనా?"