జేబులో ఆరు ఓట్లు

ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. నామినేషన్ వేయకుండానే, సొంత ఇంట్లోనే డిపాజిట్ పోగొట్టుకున్నవాణ్ణి చూశారా? అయితే చదవండి, అది నేనే.

మాది కలకత్తా మెటియాబ్రుజ్‌లో రేవు కూలీల ఇళ్ళ లైను. తాత శ్రీకాకుళం నుంచి మూటలు మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన కాలంలో ఓటు గురించి చర్చ లేదు. పోలింగు రోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి "ఎర్రజెండాకే" అనేవాడు. ఇంటిల్లిపాదీ వెళ్ళి వేసి వచ్చేవారు. అది చూస్తూ పెరిగాను కనుక ఇరవై మూడేళ్ళకు నేను కనిపెట్టిన రాజకీయ సూత్రం ఒక్కటే: తాత తిరిగితే ఇల్లంతా తిరుగుతుంది.

ఆ ఏడు మా పేటలోకి కొత్త పార్టీ ఒకటి వచ్చింది. దాని నాయకుడు బాపీదా నాకు కంటైనర్ యార్డులో గుమాస్తా పని ఇప్పిస్తానన్నాడు. మా మాటలు బెంగాలీలో సాగాయి.

"మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?"

"ఆరు దాదా. ఆరూ మనవే."

"అందర్నీ అడిగావా?"

"అడగడం దేనికి, నా జేబులో ఉన్నాయి."

అప్పటికి జేబులో ఉన్నది దువ్వెన ఒక్కటే.

మూడు రోజులు తాతను బతిమాలాను. నాలుగో రోజు ఆయన చుట్ట పక్కన పెట్టాడు.

"ఉజ్జోగం నిజంగా ఇత్తాడేటి?"

"ఇత్తాడు తాతా."

"అయితే నీకోసం ఏస్తాను, ఎల్లు."

మిగతావాళ్ళను అడగాలని నాకు తోచలేదు. ఇంజను దొరికాక పెట్టెలను ఎవరైనా బతిమాలతారా?

పోలింగు రోజు ఓట్లు వేసే బడికి కాస్త దూరంలో మూడు పార్టీలూ బల్లలు వేశాయి. ఏ బల్ల దగ్గర పేరు చీటీ తీసుకుంటే ఓటు ఆ పార్టీకేనని మా పేటలో లెక్క. కొత్త పార్టీ బల్ల దగ్గర నేను, నా పక్కన బాపీదా.

మొదట నాన్న వచ్చాడు. నన్ను చూసి నవ్వి, అధికార పార్టీ బల్లకు వెళ్ళాడు.

"నాన్నా, ఇటు."

"కుళాయి ఏయించింది ఈళ్ళు గదరా."

అమ్మ మా లైను ఇళ్ళ ఆడవాళ్ళతో కలిసి వచ్చి అటే నడిచింది. "మాం అందరం ఒక మాటనుకున్నాం. నీకేటి?" అంది. చెల్లి ఏ బల్ల వైపూ చూడలేదు.

"చీటీ ఫోన్లో ఉందన్నయ్యా."

"ఎవరికేస్తావు?"

"అది సెప్పేస్తే ఓటెలగవుద్ది?"

నానమ్మ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఊర్లో మా తమ్ముళ్ళు ఏసే గుర్తు సూపెట్రా."

"అది ఆంధ్రా పార్టీ నానమ్మా. ఇక్కడుండదు."

"లేనిదానికి నన్నెందుకు ఎండలో నడిపించినావు?" అని ఇంటికి వెళ్ళిపోయింది.

"నాలుగు పోయాయి," అన్నాడు బాపీదా నెమ్మదిగా.

అప్పుడు తాత వచ్చాడు. ఎర్రజెండా బల్ల దగ్గర, ఆయనతో మూటలు మోసిన అప్పన్న తాత ఒంటరిగా కూర్చొని ఉన్నాడు. మా తాత పేరుతో చీటీ అప్పటికే రాసి పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. మా తాత తల దించుకొని అటు చూడకుండా దాటి, నా చేతిలో చీటీ తీసుకున్నాడు. నేను ఎగిరి గంతేయాలి. సిగ్గేసింది.

తరవాత నా ఓటు వేయడానికి లోపలికి వెళ్ళాను. నాకోసం తాత ఇన్నేళ్ళ జెండా వదిలేశాడు. ఆ ఓటు అటు తిరిగి ఇవ్వడమే న్యాయం అనిపించింది. ఎర్రజెండాకు నొక్కేశాను. బాపీదాకు ఒకటి, అప్పన్న తాతకు ఒకటి, ఎవరికీ నష్టం లేదు.

సాయంత్రం తాత నన్ను పక్కకు పిలిచాడు.

"ఒరే, నిన్ను మోసం సేసినాను. చీటీ నీ కాడే తీసుకున్నాను గానీ, లోపలికెల్లినాక వేలు అటే పోనాది."

నేను ఆయన వేలికేసి చూశాను.

"నాదీ అటే పోనాది తాతా."

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే గుమాస్తా పని పక్క లైను కుర్రాడికి వెళ్ళింది. "పోన్లే, నీతో కలిపి రెండైనా వచ్చాయి," అని బాపీదా నా భుజం తట్టాడు. నేను తలూపాను.

అందుచేత, పాఠకుల సాక్షిగా, గంగ ఒడ్డున నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరి ఓటుకూ హామీ ఉండను. ముఖ్యంగా నా ఓటుకు.