ఐదో తొట్టి

చేప కదలిక చూసి దాని ఆరోగ్యం చెప్పగలదు లక్మే. అడవిబిడ్డల సహజ జ్ఞానమని కాలేజీలో ఒకరిద్దరు మురిసిపోతుంటారు. అదేం కాదు. జగదల్‌పూర్‌లోని ఆ కాలేజీ ప్రయోగశాలలో పదకొండేళ్లుగా రోజుకూలీకి తొట్లు కడుగుతూ నేర్చుకున్న విద్య అది. సుక్మా అవతల శబరి నది ఒడ్డున పుట్టిన మాట నిజమే. అక్కడ ఆమెకు చేపంటే పులుసు.

ఈ ఏడు ఆమె చేతిలో నాలుగు తొట్లున్నాయి. పరిశోధన సుధారాణిది, కిరందుల్ టౌన్‌షిప్‌లో పెరిగిన గని ఉద్యోగి కూతురు. మూడు తొట్లలో రాగి నానో పొడి కలిపారు, కంటికి ఆనని నలుసులు. నాలుగోది మామూలు తొట్టి, అందులో ఏమీ కలపరు. దానితో పోలిస్తేనే మిగతా మూడింటి సంగతి తెలిసేది. అది పాడైతే అన్నీ పాడైనట్టే.

రోజూ పొద్దున లక్మే స్టూలు మీద కూర్చుని, రోహు పిల్ల మొప్ప నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కపెడుతుంది. ఏడు దాకా తన ఇంటి భాష దోర్లీలో, ఇరవై దాకా తెలుగులో, ఆపైన హిందీలో. రాగి తొట్లలో చేపలు మొప్పలకు జిగురు పట్టి, ఊపిరాడక పైకి తేలుతున్నాయి. లెక్క నూట ముప్పై దాటింది. మామూలు తొట్టిది ఎనభై దగ్గరే నిలకడగా ఉంది.

పదిహేడో రోజు ఆదివారం. కుళాయి రాలేదు. తొట్టిలో పోయడానికి క్లోరిన్ పోయేలా నిలవబెట్టిన నీళ్లే కావాలి, ఆ డ్రమ్ము అడుగంటింది. ప్రిన్సిపల్ గది ముందు రాగి బిందె కనిపించింది. శుక్రవారం నింపిన నీళ్లు, ఈపాటికి క్లోరిన్ పోయే ఉంటుంది. ఆరోగ్య రహస్యమంటూ ఆయన అంటించిన కాగితం కూడా ఉంది. లక్మే ఆ నీళ్లు తెచ్చి మామూలు తొట్టిలో పోసింది.

సోమవారం ఆ తొట్టి లెక్క నూట పద్దెనిమిది. మళ్లీ లెక్కపెడితే నూట ఇరవై ఒకటి.

సుధారాణి వచ్చి చూసి, గీదం ఊళ్లో చేపపిల్లల్ని అమ్మినవాణ్ని తిట్టింది. "జబ్బు చేపల్ని అంటగట్టాడక్కా ఆ గీదం వాడు. ఇవాళే కంప్లైంట్ రాస్తా."

లక్మే తడిగుడ్డ పిండుతూ నిలబడింది. వచ్చే వారమే రోజుకూలీల పేర్లు కొత్తగా రాస్తారు, రాసేది ప్రిన్సిపలే. ఊరుకుంటే నింద ఎవరో గీదం మనిషి మీదికి పోతుంది. కానీ పుస్తకంలో ఆ అంకె రాయాల్సింది తనే.

"ఆయనేం అంటగట్టలే మేడం. నీళ్లు నేనే పోసిన."

"ఏం నీళ్లు?"

"సార్ బిందెల నీళ్లు. మనుషులకు అంత మంచివైతే చేపలకేందిలే అనుకున్న."

సుధారాణి కూలబడింది. "పదిహేడు రోజులక్కా. అంతా నీ బిందెలో కలిపేశావు."

"నాది కాదు, సార్‌ది."

సుధారాణి నవ్వలేదు. లేచి తొట్టి నీళ్లు పరీక్షించింది. రాగి ఉంది, కరిగిన రాగి. పోయిన నెల గైడ్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది: చేపల్ని పీడిస్తున్నది నీ నలుసులా, వాటినుంచి కరిగే రాగా? అది తేలాలంటే కరిగిన రాగి మాత్రమే ఉన్న తొట్టి ఇంకొకటి పెట్టాలి. సుధారాణి పెట్టలేదు. లక్మే పెట్టింది.

ప్రిన్సిపల్ కోప్పడ్డాడు, బిందె మనుషుల కోసమన్నాడు. కాగితం తీయలేదు. మనిషికి మొప్పల్లేవు కాబట్టి తీయాల్సిన తొందరా లేదు. లెక్కపెట్టే మనిషి మారితే అంకెలు మారతాయని సుధారాణి ఆయనకు గట్టిగా చెప్పింది. లక్మే పేరు జాబితాలో పడింది. థీసిస్‌లో మాత్రం పడదు.

కొత్త చేపలు గీదం నుంచే వచ్చాయి. ఈసారి తొట్లు ఐదు. ఐదోదాని ముందు సుధారాణి నీళ్లలో కరిగే రాగి ఉప్పు తూస్తుంటే లక్మే అడిగింది.

"బిందె నీళ్లు వద్దా మేడం?"

"వద్దక్కా. ఎంత రాగి ఉందో కొలత తెలియాలి. అవి సార్ తాగనీ."

లక్మే స్టూలు ఐదో తొట్టి ముందుకు లాక్కుని, దోర్లీలో ఒకటితో మొదలుపెట్టింది.