మిగిలిన తీగ

కొత్తగూడెంలో సర్వీస్ వైరు కొనుక్కొని టేకులపల్లి బస్సెక్కాను. కూలరూ మోటారూ కలిసి నడిచినా స్తంభం నుంచి మీటరు దాకా వేడెక్కకూడదని లావుపాటిదే ఎంచాను. దాని బరువు ఆపడానికి కట్టే ఇనుప తీగ చుట్ట నా ఒళ్లో ఉంది.

పక్క సీటులోని ఆవిడ ఆ చుట్టను చూసి కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఏందయ్యా, చేను చుట్టూ కట్టి కరెంటు పెడ్తవా? పందులకా, మనుషులకా?"

"ఇంటికమ్మా. సర్వీస్ వైరు తెగకుండా దీనికి కడతారు."

"అందరు గట్లనే అంటరు. మా ఇంటాయన కట్టెలకు పోయి గసొంటి తీగ తాకే సచ్చిపోయిండు. పెట్టినోడు గూడ ఇంటికే కొన్ననన్నడు."

కాళ్ల దగ్గరి సంచి విప్పి నల్ల వైరు చూపించాను. ఆమె గోరుతో గీకి చూసింది.

"మరి తీగ మిగిల్తే ఎవలకిస్తవ్?"

జవాబు వినకుండానే లేచింది. దిగుతూ కండక్టరుతో, "ఈయన ఏ ఊర్ల దిగుతడో యాది పెట్టుకో" అంది. బస్సంతా నా వైపు తిరిగింది.

ఇంటికి వైరు లాగించాక తీగ చాలానే మిగిలింది. పందుల బెడద ఎక్కువైందంటూ పక్క చేను రైతు దాన్ని అడగడానికి వచ్చాడు. అప్పటికే మూరెడేసి ముక్కలు చేసి చిక్కుడు పందిరికి కట్టేశాను. మంచి తీగ ఖరాబు చేసినవని తిట్టుకుంటూ పోయాడు.